మామ కాలికి చెప్పు నిలవడం లేదు

జూన్ 6

అత్తా, నేనే. నీ మేనల్లుణ్ణి.

నువ్వు మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదని కోప్పడకు. నాకు ఫోన్లో మాట రాదని నీకు తెలుసు కదా. హలో అనేలోపే చెవులు ఎర్రబడిపోతాయి. రాయమంటే రాస్తా. తప్పులుంటే వదిన చేత చదివించుకో. నేను చదివింది ఐదే కదా.

ముందు మామ ఫోన్ సంగతి. పోయింది. దొంగలెత్తుకుపోలేదు. చేతిలోంచి జారి బూట్లకి రాసే సొల్యూషన్ గిన్నెలో పడింది. తీసి తుడిచేసరికి జిగురు ఆరి రాయిలా గట్టిపడింది. మామ దాన్ని బల్లకేసి నాలుగు దెబ్బలు కొట్టి "అతుకు మాత్రం అదిరిందిరా" అన్నాడు. కాబట్టి మామకి చెప్పాల్సిందేదైనా ఇక నాకే పెట్టు. నేను చెప్తా.

వీధంతా తవ్వేశారు. పైపులంట. దుమ్ము వచ్చి తడి సొల్యూషన్ మీద పడుతోంది, బూటుకి సోలు అతకడం లేదు. అందుకని కిటికీ మూసేశాం. మామ ఏమన్నాడంటే "మీ అత్త కబుర్ల కోసం తెరిచేది ఆ కిటికీ. ఇప్పుడు అత్తా లేదు, కబుర్లూ లేవు, కిటికీ ఎందుకు?" అన్నాడు. నేను నవ్వలేదు అత్తా. కొంచెం నవ్వా.

నువ్వెళ్ళిన వారానికే కొత్త సొల్యూషన్ వచ్చింది, నెల దాటింది. పాతదానిలా కంపు కొట్టదు, తియ్యగా ఉంటుంది వాసన. మూత తీస్తే చాలు, ఆరిపోతుంది. మామకి తెగ నచ్చింది.

వదిన ఎలా ఉంది? ఉంటా. గిన్నెలో అట్ట కట్టేస్తోంది.

జూన్ 7

ఒరేయ్ మూగనోమూ,

నోట్లోంచి నాలుగు మాటలు రావు గానీ వేళ్ళకి మాత్రం ఎంత వాగుడురా! సంతోషం. ఇలాగే రాస్తుండు.

నేను కిటికీ తెరిచేది కబుర్లకా? అవును, కబుర్లకే. అయితే ఏంటట? ఎదురింటి కుట్టుమిషనావిడతో నాలుగు మాటలు ఆడకపోతే మీ మామ మొహం చూస్తూ రోజంతా తోలు కొయ్యడం నా వల్ల అవుతుందా? అదే చెప్పు, నేనన్నానని.

మీ వదిన కడుపులో ఇద్దరంట. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. రెండు నెలలనుకుని వచ్చాను, ఎన్ని నెలలవుతుందో. అల్లుడు బంగారం. కార్ల షెడ్డులో రంగులు కొట్టి కొట్టి వచ్చి, అంట్లు కూడా తోముతానంటాడు. మీ మామ ముప్పై ఏళ్ళలో ఒక్క గ్లాసు కడిగాడా? ఇది మాత్రం చెప్పకు.

వేళకి తినండి. ఇక్కడ కుక్కరు మూడోసారి అరుస్తోంది, వెళ్తున్నా.

జూలై 3

అత్తా,

ఒక తమాషా చెప్తా. మామ కాలికి చెప్పు నిలవడం లేదు.

నిజంగా. మొన్న టీ కొట్టుకి రెండు చెప్పులేసుకుని బయల్దేరాడు, ఒక్క చెప్పుతో చేరాడు. రెండోది దారిలో ఉండిపోయింది. ఆయనకి తెలియనే లేదు! టీ కొట్టాయన చెప్తే అప్పుడు కిందకి చూసుకున్నాడు. నేను వెనక్కెళ్ళి తెచ్చా, గుంత పక్కన పడుంది పాపం.

మామకి ఎంత అవమానమైందో. "నలుగురికీ చెప్పులు చేసేవాణ్ణి, నా చెప్పు నన్నే మోసం చేస్తుందా" అని రాత్రికి రాత్రే కొత్త జత చేసుకున్నాడు. పట్టీ అంగుళం బిగించాడు. అదీ జారింది. ఇంకోటి చేశాడు. ఇంకా బిగించాడు. ఇప్పుడు మూడో జత. కాలి మీద పట్టీ రాసుకుని ఎర్రగా గీత పడింది. నొప్పి లేదా మామా అంటే "మంచి తోలురా, మెత్తగా ఉంది" అన్నాడు.

నడక కూడా మారింది. బురదలో నడిచే బాతులా కాలు ఎత్తి ఎత్తి వేస్తున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఊరికే నవ్వుతాడు, పాటలు పాడతాడు, తల తిరుగుతోందని గోడకి ఆనుకుంటాడు. మన మిషను తాత ఉన్నాడుగా, తలుపు దగ్గర కూర్చుని పైతోళ్ళు కుడతాడే, ఆయన "పెళ్ళాం ఊళ్ళో లేదు, మొగుడి కాళ్ళు నేల మీద లేవు" అని ఒకటే ఏడిపించడం.

బాగుంది కదా. ఉంటా.

జూలై 3

ఏం బాగుంది నీ బొంద!

ఫోన్ జారిందన్నావు. చెప్పు జారుతోందంటున్నావు. నవ్వుతాడు, పాడతాడు, తూలతాడు. నాకు అర్థమైంది. మళ్ళీ మొదలెట్టాడు. పన్నెండేళ్ళయింది సీసా ముట్టి. నేను గడప దాటగానే తయారయ్యాడు.

ఇది ఉన్నదున్నట్టు చదివి వినిపించు. "నువ్వు మళ్ళీ తాగుతున్నావని తెలిసింది. మానకపోతే నేనిక్కడే ఉండిపోతాను, మనవల్ని నువ్వు ఫోటోలో చూసుకో." ఒక్క ముక్క వదిలావంటే నీ వీపు విమానం మోత.

జూలై 5

అత్తా,

వినిపించా. ఉన్నదున్నట్టు అంటే నోరు పెగల్లేదు. కొంచెం చిన్నది చేసి చెప్పా. "ఒంట్లో ఎలా ఉందో అడిగింది అత్త, జాగ్రత్తగా ఉండమంది" అన్నా.

మామ చాలా సంతోషపడ్డాడు. "నాకేంట్రా, దుక్కలా ఉన్నానని చెప్పు" అన్నాడు.

తిట్టకు.

జూలై 5

చిన్నది చేశావా? అది చిన్నది చెయ్యడమా? పులిని చంపేసి పిల్లిని మోసుకెళ్ళావు!

సరే, ఒక పని చెయ్యి. ఆయన నోరు వాసన చూడు. మాట్లాడక్కర్లేదు, ముక్కు ఉంటే చాలు. నీకు పెద్ద ముక్కే ఇచ్చాడుగా దేవుడు.

జూలై 9

అత్తా,

చూశా. ఎంత సిగ్గేసిందో నీకేం తెలుసు. మామా నీ పన్ను పుచ్చినట్టుంది చూపించు అన్నా. మామ నోరు తెరిచాడు. ఉల్లిపాయ వాసన. అంతే. అయినా ఈ గదిలో ఏ వాసనా తెలియదు అత్తా, అంతా సొల్యూషన్ వాసనే. ఇప్పుడు అదీ తెలియట్లేదు, అలవాటైపోయింది. మిషను తాత చూసేసి "ఏంట్రా, మామ నోట్లో బావి తవ్వుతున్నావా" అని అరిచాడు. తర్వాత నన్ను గుచ్చి గుచ్చి అడిగి నువ్వు చూడమన్నావని కక్కించేశాడు.

నేను నిన్న మెట్టు మీద పడ్డా. ఏం కాలేదు, మోచెయ్యి చీరుకుంది. నా చెప్పు కూడా జారింది. కాలి వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటున్నాయి, చీమలు పాకినట్టు. పదిహేనేళ్ళు కదా, ఎదుగుతున్నా అనుకుంటా.

ఈ మాట మా అమ్మకి చెప్పకు. పనికి పనికిరానని వెనక్కి పిలిపించుకుంటుంది.

జూలై 9

ఒరేయ్. నువ్వు తాగావా?

జూలై 9

లేదు అత్తా!!

జూలై 9

నా మీద ఒట్టు?

జూలై 9

నీ మీద, వదిన మీద, కడుపులో ఇద్దరి మీద ఒట్టు.

జూలై 9

మరి నీ చెప్పు ఎందుకు జారింది?

జూలై 9

తెలీదు

జూలై 9

తాగనివాడూ తూలుతుంటే అది తాగుడు కాదురా. తాత ఎలా ఉన్నాడు? చెప్పు నిలుస్తోందా?

జూలై 9

తాతకేం, రాయిలా ఉన్నాడు. నిన్న కుక్కని తరిమాడు.

జూలై 9

తాత కూర్చునేది తలుపు దగ్గర. మీ మామ బల్ల దగ్గర. నువ్వెక్కడ?

జూలై 9

బల్ల కింద. నేల మీద కూర్చుని సోళ్ళకి రాస్తా. వేలితో. వేలికి తెలిసినంత బ్రష్షుకి తెలియదంటాడు మామ. అయ్యాక థిన్నర్‌తో చేతులు కడుక్కుంటాం. తెల్లగా పగిలిపోయాయి చేతులు.

జూలై 9

ఆ డబ్బా ఫోటో తీసి పెట్టు. నాలుగు వైపులా. ఇప్పుడే.

జూలై 10

నాన్నా, జాగ్రత్తగా చదువు. తెలియకపోతే రెండుసార్లు చదువు.

అల్లుడు డబ్బా మీదున్నదంతా చదివాడు. అందులో హెక్సేన్ అని ఒకటుందట. తియ్యగా ఉండే వాసన, తొందరగా ఆరడం, అన్నీ దాని గుణాలే. ఆరడమంటే ఎక్కడికి పోతోందనుకున్నావు? మీ ముక్కుల్లోకి. నెలల తరబడి పీలిస్తే నరాల్ని తినేస్తుందట. ముందు కాలి వేళ్ళు, తర్వాత చేతి వేళ్ళు, తర్వాత కాళ్ళు పైకి. అందుకే చెప్పు ఊడినా ఆయనకి తెలియట్లేదు. చెప్పుది కాదురా తప్పు, కాలిది.

దాని ఆవిరి గాలి కంటే బరువట, కిందకి దిగి నేల మీద పేరుకుంటుందట. నువ్వు కూర్చునేది ఎక్కడ? నేల మీద! నాకు అన్నం దిగలేదు.

అల్లుడు వాళ్ళ షెడ్డులో ఇవన్నీ నేర్పించారట. తలుపూ కిటికీ తెరిచే పెట్టాలి. గాలి లాగేసే ఫ్యాను పైన కాదు, కింద, గిన్నె పక్కనే ఉండాలి. రాసినంతసేపే మూత తీయాలి. వేలు పెట్టకూడదు, బ్రష్షు పట్టాలి, చేతికి నైట్రైల్ అనే రబ్బరు గ్లౌజులు తొడగాలి. థిన్నర్‌తో చేతులు కడగడం ఇవాళ్టితో బంద్, సబ్బే. అక్కడ తినకూడదు. దగ్గర్లో అగ్గిపుల్ల గీస్తే గది మొత్తం అంటుకుంటుంది, మీ మామ బీడీ సంగతి చూడు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే దుమ్మే ఆగుతుంది, ఈ ఆవిరి ఆగదు. వీటన్నిటికంటే మంచిది ఆ డబ్బానే మానేసి, హెక్సేన్ లేని నీళ్ళ జిగురు వాడటం. ఇద్దరూ వెంటనే డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఆలస్యమైతే కాళ్ళు పడిపోయినా పడిపోతాయట.

ఈసారి చిన్నది చెయ్యకు. దండం పెడతాను.

జూలై 12

అత్తా,

నాలుగుసార్లు ప్రయత్నించా. నిజం. నిన్న పొద్దున్న మామ ఎదురుగా నిలబడి నోరు తెరిచా. లోపల్నుంచి మాట వస్తోంది వస్తోంది అనుకున్నా. బయటికొచ్చింది "మామా టీ తేనా" అని. తెచ్చా. మధ్యాహ్నం కిటికీ తెరిచా, ఏం చెప్పకుండా. "దుమ్మురా గాడిదా" అని మూసేశాడు. నెలాఖరుకి నాలుగువందల జతలివ్వాలి, బడి పిల్లల బూట్లు. ఆ హడావుడిలో ఉన్నాడు.

తలుపు పక్కనే కూర్చుని సోళ్ళకి రాస్తున్నా ఇప్పుడు. నా మట్టుకు నేను. మామ మాత్రం లోపలే.

నువ్వే ఫోన్ చెయ్యి. నా ఫోన్ ఆయన చెవి దగ్గర పెడతా.

జూలై 13

చేశాను కదా, చూశావు కదా ఏం జరిగిందో. "ఏవండీ, ఆ సొల్యూషన్" అన్నానో లేదో, "తాగుబోతుతో నీకేం మాటలు? నోరు వాసన చూడటానికి మనుషుల్ని పెట్టావటగా" అని పెట్టేశాడు. మిషను తాత చెప్పేసినట్టున్నాడు. ముసలాడి నోట్లో నువ్వుగింజ నానదు.

తప్పు నాదే. పన్నెండేళ్ళు మాట నిలబెట్టుకున్న మనిషిని అనుమానించాను. ఇప్పుడు నేనేం చెప్పినా ఎక్కదు. మళ్ళీ చేస్తే నీ ఫోన్ చెవి దగ్గర పెట్టనివ్వలేదు. నేను బయల్దేరదామంటే మీ వదినకి ఏ రోజైనా నొప్పులు రావచ్చంటున్నారు.

నీ ఒక్కడి మాటే మిగిలిందిరా అక్కడ. నా మాటలు మోయకు. నీ మాట చెప్పు.

జూలై 14

అత్తా,

చెప్పా.

ఎలా జరిగిందంటే, మామ సోలు కొడుతున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డా. చెవులు కాలిపోతున్నాయి. "మామా, నా కాలు కూడా" అన్నా. అంతే వచ్చింది. మామ "ఏమైంది కాలికి?" అన్నాడు. "నాకూ చెప్పు నిలవట్లేదు మామా. వేళ్ళు తెలియట్లేదు" అన్నా.

మామ సుత్తి కింద పెట్టాడు. నా కాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, బూటుకి కొలత తీసుకునేటప్పుడు పెట్టుకుంటాడు చూడు, అలా. కళ్ళు మూసుకోమన్నాడు. పెన్సిలు మొనతో బొటనవేలి దగ్గర తాకాడంట. "తెలుస్తోందా?" అన్నాడు. లేదన్నా. "ఇక్కడ?" లేదు. "ఇక్కడ?" అప్పుడు తెలిసింది. వేళ్ళ మొదట్లో. అక్కడ తోలు మీద గీసినట్టు సుద్దతో గీత గీశాడు.

తర్వాత తన పంట్లాం పైకి మడిచి పెన్సిలు నాకిచ్చాడు. కళ్ళు మూసుకుని "ఊఁ, కానియ్" అన్నాడు. నేను వేళ్ళ దగ్గర మొదలెట్టా. మామ మాట్లాడలేదు. పాదం మీద. మాట్లాడలేదు. మడమ. "మొదలెట్టవేంట్రా?" అన్నాడు. మొదలెట్టి చాలాసేపైంది మామా అన్నా. పిక్క సగానికొచ్చాక "ఆఁ" అన్నాడు. అక్కడ గీశా గీత.

మామ కళ్ళు తెరిచి ఆ గీత చూసుకున్నాడు. తర్వాత నా గీత చూశాడు. "ఎన్నాళ్ళయిందిరా నీకు?" అన్నాడు. మూడు వారాలన్నా. "ఎందుకు చెప్పలేదు?" పంపేస్తావని అన్నా. అప్పుడు అన్నీ వచ్చేశాయి అత్తా, హెక్సేను, ఆవిరి బరువు, ఫ్యాను కింద పెట్టడం, బీడీ, అన్నీ. ఇంతసేపు నేనెప్పుడూ మాట్లాడలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడం మర్చిపోయి దగ్గొచ్చింది.

మామ లేచి గిన్నె మీద మూత పెట్టాడు. కిటికీ తెరిచాడు. బిగుసుకుపోయింది, భుజంతో గుద్ది తెరిచాడు. ఎదురింటి కుట్టుమిషనావిడ "బతికే ఉన్నారా మీరంతా?" అంది. "కనుక్కుంటున్నాం" అన్నాడు మామ.

రేపు డాక్టరు దగ్గరికి.

జూలై 17

నా తండ్రీ,

మూడు రోజులైంది జవాబివ్వక. ఏడ్చి, తర్వాత నీ మెసేజీ అందరికీ చదివి వినిపించి, మళ్ళీ ఏడ్చి, ఇంతలో ఆసుపత్రికి పరిగెత్తి. ఇద్దరూ పుట్టేశారు! ఒక ఆడ, ఒక మగ. పిల్ల మాత్రం నా గొంతే, వార్డంతా లేస్తోంది. మగవాడు నీలాగే, నోరు విప్పడు.

మీ మామకి చెప్పు. తాగావని అన్నందుకు నన్ను క్షమించమని. ఇది చిన్నది చెయ్యకు, పెద్దది చేసినా పరవాలేదు.

డాక్టరు ఏమన్నాడు?

జూలై 19

అత్తా,

డాక్టరు ఆయన కాదు, ఆవిడ. చిన్న సుత్తితో మామ మోకాలి మీద కొట్టింది. కాలు కదల్లేదు. మామ "సుత్తి పట్టడం రావట్లేదమ్మా నీకు, ఇటివ్వు" అన్నాడు. తనే కొట్టుకున్నాడు. అయినా కదల్లేదు. అప్పుడు మామ నవ్వలేదు.

నరాలకి కరెంటు పెట్టి చూశారు. సొల్యూషన్ వల్లే అంది. దాని దగ్గరికి వెళ్ళనే వద్దంది. తగ్గుతుందట, కానీ నరం రోజుకి ఆవగింజంత వంతున పెరుగుతుందట, ఏడాది పట్టొచ్చట. ఇంకోటి, మానేసినా మొదటి రెండు నెలలు ఇంకా ఎక్కువవుతుందట, భయపడొద్దంది. నాది తొందరగానే పోతుందట.

డబ్బాలన్నీ వెనక్కి ఇచ్చేశాం. నీళ్ళ జిగురు వచ్చింది. ఆరడానికి గంట పడుతుంది. మామ దాని ఎదురుగా కూర్చుని "పాలు కాగుతున్నట్టుంది" అని తిట్టుకుంటాడు. గ్లౌజులు తొడుక్కుంటే వేళ్ళకి గంతలు కట్టినట్టుందట. తాత ఫ్యాను నేలకి ఆనించి బిగించాడు. బూట్లు నెలాఖరుకి ఇవ్వలేమని మామే వెళ్ళి చెప్పొచ్చాడు.

క్షమాపణ చెప్పా. పెద్దది చేశా. నువ్వు అన్నం మానేశావని చెప్పా. మామ కంగారుపడి తినమని చెప్పమన్నాడు. తిను.

సెప్టెంబర్ 11

అత్తా,

మామ మెట్టు దిగలేకపోతున్నాడు. నా భుజం పట్టుకుని దిగుతాడు. కత్తెర జారిపోతోంది. నిన్న "చూశావా, మానేసి రెండు నెలలైంది, ఇంకా ఎక్కువైంది. అంటే ఆ సొల్యూషన్ కాదురా. ఊరికే నిందేశాం దాన్ని. ఒక డబ్బా పట్రా" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. మామ మీద కోపం రావడం ఇదే మొదలు. "డాక్టరమ్మ ముందే చెప్పింది కదా ఎక్కువవుతుందని, నీ ముందే చెప్పింది, తల ఊపావు. తేను" అన్నా. గట్టిగా. తాత మిషను ఆపేశాడు.

మామ నన్నే చూశాడు. "నోరొచ్చిందిరా నీకు" అన్నాడు. తర్వాత "రానీలే" అన్నాడు.

నా తిమ్మిరి పూర్తిగా పోయింది. నా చెప్పు నిలుస్తోంది. మామ ముందు తిరగాలంటే బాధగా ఉంటోంది. నువ్వు ఎప్పుడొస్తావు?

సెప్టెంబర్ 11

వచ్చే ఆదివారం. పిల్లల్ని అల్లుడు వాళ్ళమ్మ చూసుకుంటుంది కొన్నాళ్ళు. నువ్వు ఆ డబ్బా వైపు వెళ్ళనివ్వకు. తిట్టు. నా వాటా కూడా నువ్వే తిట్టు.

ఫిబ్రవరి 20

అత్తా,

నువ్వు మళ్ళీ వదిన దగ్గరికెళ్ళి వారం కూడా కాలేదు, అప్పుడే రాస్తున్నాడేంటి అనుకుంటావు. ఫోన్ చేసి చెప్దామనుకున్నా, ఎత్తలేదు నువ్వు! పిల్లలకి స్నానాలేమో.

పొద్దున్న నేను బూట్ల చెక్క అచ్చుల పెట్టె మోసుకుని వస్తున్నా. ముందేం కనపడలేదు. మామ బల్ల దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నేను చూసుకోలేదు. బొటనవేలి మీద కాలు వేశా. పెట్టె బరువుతో సహా.

"ఒరేయ్ గుడ్డి వెధవా! కాలు! కాలు తొక్కావురా!" అని అరిచాడు. తాత సూది విరిగింది. ఎదురింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. నేను పెట్టె కింద పడేసి "తప్పయిపోయింది మామా, తప్పయిపోయింది" అంటున్నా.

అంటూ అంటూ ఆగిపోయా. మామా ఆగిపోయాడు. ఇద్దరం ఆ బొటనవేలు చూస్తున్నాం. ఎర్రగా ఉంది.

"నొప్పేసిందా మామా?" అన్నా.

"ప్రాణం పోయిందిరా" అన్నాడు మామ. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. రెండో కాలు ముందుకి జరిపాడు.

"ఇప్పుడు ఇది తొక్కు" అన్నాడు.